మధ్యాహ్నం పూట సంధ్యాదీపం

షికాగోలోని మా ఇంట్లో, జూన్ నెలలో ఒక మధ్యాహ్నం వంటగదిలో నుంచి విన్న సంభాషణ ఇది. నేను ఎవరి పక్షమో మామయ్యకు చెప్పకండి.

మామయ్య: ఒంటిగంటకు దేవుడి దగ్గర సంధ్యాదీపం పెట్టావేమిటి?

అత్తయ్య: తెరలన్నీ మూసుకుని మీరు చూస్తున్న టీవీలో పొద్దు గూకింది కదా! ఆ మైదానం ఈ ఊళ్ళోదేనని, దాని పేరు రిగ్లీ ఫీల్డ్ అని పొద్దున మీరే చెప్పారు. ఊరొకటే అయినప్పుడు సాయంత్రం మాత్రం రెండవుతుందా?

మామయ్య: అది ప్రత్యక్ష ప్రసారం కాదు, మనవడి వీడియో గేమ్. పాత బేస్‌బాల్ ఆటలలో పగలని ఎంచుకుంటే చివరిదాకా పగలే. ఈ 'ఎంఎల్‌బీ ది షో'లో అలా కాదు, ఇన్నింగ్స్ గడిచేకొద్దీ నీడలు సాగి, ఆకాశం నారింజ నుంచి ఊదాకు, ఊదా నుంచి నలుపుకు మారుతుంది.

అత్తయ్య: నిజంలా ఉండాలని వాళ్ళు అంత కష్టపడితే, నిజమని నమ్మినందుకు నన్ను తిడతారా?

మామయ్య: జూన్‌లో ఇక్కడ ఎనిమిదిన్నరకు గాని సూర్యుడు అస్తమించడు. గడియారం చూడవద్దా?

అత్తయ్య: రాత్రి ఎనిమిదింటికి ఎండ కాసే ఊళ్ళో గడియారాన్ని ఎలా నమ్మను?

మామయ్య: విద్యుత్ శాఖలో ముప్పయ్యేళ్ళు చేసినవాణ్ణి, విను. నలువైపుల నుంచి దీపాలు పడుతున్నందువల్ల ఆ ఆటగాడికి నాలుగు నీడలున్నాయి. ఆ వెలుగుకు కెమెరా సర్దుకుంటుంది కాబట్టి ఆకాశంలో చుక్కలు కనిపించకూడదు. కనిపించడం లేదు కూడా!

అత్తయ్య: చుక్కలు చూపించడానికి నేనున్నాను.

మామయ్య: 1914లో కట్టిన ఆ మైదానంలో ఈ ఊరి బేస్‌బాల్ జట్టు కబ్స్ 1988 ఆగస్టు 8న గాని మొదటి రాత్రి ఆట మొదలుపెట్టలేదు; అదీ వానకు మధ్యలోనే ఆగిపోయి, మరునాటి రాత్రికి గాని పూర్తి ఆట సాగలేదు.

అత్తయ్య: డెబ్భై నాలుగేళ్ళు దీపాలవేళకు బుద్ధిగా ఇంటికి చేరిన మగవాళ్ళన్నమాట. అది చెడగొట్టబోతే వానదేవుడికే కోపం వచ్చింది.

మామయ్య: నీతో వాదిస్తుంటే తల వేడెక్కిపోతోంది.

అత్తయ్య: అది వాదన వల్ల కాదు. పొద్దు గూకితే మంచు పడుతుందని, మీకసలే జలుబు చేసే ఒళ్ళని, మంకీ క్యాప్ తొడిగాను. మూడు ఇన్నింగ్స్‌లుగా పెట్టుకునే ఆడుతున్నారు.

మామయ్య: అయితే తియ్యి!

అత్తయ్య: ముందు టీవీలో తెల్లవారనివ్వండి.