సీడీ138 ఒక్కటే చాలదు

లింఫోమాలో (లింఫోసైట్లనే తెల్ల రక్తకణాల క్యాన్సర్‌లో) సీడీ138 అనే ప్రోటీను కనిపిస్తే, ఆ కణం ప్లాస్మా కణంగా, అంటే యాంటీబాడీలను తయారుచేసే కణంగా, మారుతున్నట్లేనని ఒక వ్యాసంలో దాని కర్త రాశారు. బరంపురంలో పాథాలజీ ల్యాబులో పనిచేస్తున్న నాకు ఆ మాట తొందరపాటుగా తోచింది. ఈ ప్రోటీను అనేక ఎపిథీలియల్ (అవయవాలను కప్పే పొరల కణాల్లో పుట్టే) క్యాన్సర్లలోనూ ఉంటుంది గనుక దాన్ని ఒంటరిగా నమ్మకూడదు. బి కణం (ఒక రకం లింఫోసైటు) ప్లాస్మా కణంగా మారేటప్పుడు బ్లింప్1 అనే ప్రోటీను పెరిగి, బి కణపు స్వభావాన్ని నిలబెట్టే పాక్స్5 అనే ప్రోటీనును అణచివేస్తుంది. దానితోపాటు బి కణాల పైన ఉండే సీడీ20 ప్రోటీను కూడా తగ్గిపోతుంది, ఎక్స్‌బీపీ1 అనే మరో ప్రోటీను మాత్రం యాంటీబాడీల స్రావానికి కణాన్ని సిద్ధం చేస్తుంది. ప్లాస్మా కణాలకు గుర్తుగా చూసే ఇంకో ప్రోటీను ఎంయూఎం1 సంగతి ఇంకా చిక్కు: అది ఉత్తేజిత టి కణాల్లోనూ (మరో రకం లింఫోసైట్లలోనూ), మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లోనూ కనిపిస్తుంది. ప్లాస్మాబ్లాస్టిక్ లింఫోమాలో (ప్లాస్మా కణ లక్షణాలున్న లింఫోమాలో) సీడీ20 సాధారణంగా ఉండదు కాబట్టి, ఆ ఒక్క పరీక్ష చేసి లింఫోమా కాదని తేల్చేస్తే రోగికి అన్యాయం జరుగుతుంది; సీడీ20ను పట్టుకుని పనిచేసే రిటుక్సిమాబ్ అనే మందుకు అక్కడ పట్టుకోవడానికి లక్ష్యమే ఉండదన్నది వేరే సంగతి. గుణుపురం, పర్లాకిమిడి వైపు నుంచి మాకు పరీక్షకు వచ్చే కణజాలపు ముక్కలు (కణజాలాన్ని చెడిపోకుండా ఫిక్స్ చేసే ఫార్మలిన్‌కు బదులు సెలైన్‌లో వేసి పంపినవీ ఉంటాయి) కొన్నిసార్లు సరిగా ఫిక్స్ కాకపోవడంతో, ఈ ప్రోటీన్లను చూపించే రంగు తేలిపోతుంది. అటువంటప్పుడు నెగటివ్ అన్న ఫలితాన్ని, పక్కనున్న మామూలు ప్లాస్మా కణాలకు రంగు పట్టిందో లేదో చూసిన తరువాతే నేను ఒప్పుకుంటాను.