పిల్లలకి ఇళ్లు వెతికే కుట్ర

గోదావరి జిల్లాల ప్రజలకు ఒక హెచ్చరిక. మన చుట్టూ పెద్ద కుట్ర జరుగుతోంది. ప్రభుత్వ శాఖలూ స్వచ్ఛంద సంస్థలూ కుమ్మక్కై, ఎవరూ లేని పిల్లలకు అమ్మానాన్నల్ని వెతుకుతున్నాయి. ఇందులో కుట్ర ఏముందని అమాయకులు అడగొచ్చు. మాటని మళ్లీ చదవండి. అమ్మానాన్నలకు పిల్లల్ని వెతకడం లేదు. పిల్లలకు అమ్మానాన్నల్ని వెతుకుతున్నారు. తరతరాలుగా తలకిందులు కాని వ్యవహారాన్ని ఇలా తలకిందులు చేస్తే ఊరుకోవడానికి మనం ఏమైనా తెలివితక్కువ వాళ్లమా?

మనవైపు దత్తత అంటే ఏమిటో అందరికీ తెలుసు. కొరివి పెట్టడానికి ఒకడు కావాలి, కొబ్బరితోట చూసుకోవడానికి ఒకడు కావాలి, ఆ ఇద్దరూ ఒకడే అయితే ఖర్చు కలిసొస్తుంది. పెద్దలు తమ్ముడి రెండో కొడుకుని చూస్తారు, పురోహితుడు హోమం చేస్తాడు, భోజనాల్లో పనసపొట్టు కూర వడ్డిస్తారు, తరవాత ముప్ఫై ఏళ్లు కోర్టులో తిరుగుతారు. పిఠాపురం సంస్థానంలో దత్తత మీద పుట్టిన వారసత్వపు తగాదా లండన్‌లో ప్రీవీ కౌన్సిల్ దాకా, అంటే బ్రిటిష్ కాలపు ఆఖరి కోర్టు దాకా వెళ్లింది. అంత ఘనమైన సంప్రదాయం మనది. 1956లో చట్టం వచ్చి, దత్తహోమం తప్పనిసరి కాదు, ఆడపిల్లని కూడా తీసుకోవచ్చు అంది. అప్పుడే మన పెద్దలు అడ్డుపడాల్సింది. పడలేదు. ఫలితం మా బావగారు అనుభవిస్తున్నారు.

బావగారిది పాలకొల్లు వైపు. ముప్ఫై ఎకరాల రొయ్యల చెరువులు. మా అక్కకు నలభై ఒకటి, ఆయనకు నలభై ఆరు. పిల్లల్లేరు. ఇరవై ఏళ్లలో వాళ్లు ఎక్కని గుడిమెట్టూ లేదు, చూపించుకోని ఆసుపత్రీ లేదు. చివరికి దత్తత అనుకున్నారు. అనుకున్నదే తడవు ఊళ్లో ఒక పెద్దమనిషి వచ్చి, "మనకి తెలిసిన నర్సమ్మ ఉందండి, కాగితాలు గీగితాలు ఉండవు, పుట్టినప్పటినుంచీ మీ బిడ్డే అన్నట్టు సర్టిఫికెట్టు కూడా అక్కయ్యగారి పేరుమీదే వచ్చేస్తుంది, ఆయ్" అన్నాడు.

ఇక్కడ బావగారి గురించి ఒక మాట చెప్పాలి. హేచరీ నుంచి వనామీ సీడు, అంటే రొయ్యపిల్లల్ని తెస్తే, రోగం లేదని పీసీఆర్ టెస్టు రిపోర్టు చూడందే చెరువులో పొయ్యరు. ఒక లాబులో చేయించి, నమ్మకం చాలక ఇంకో లాబులో చేయిస్తారు. అలాంటి మనిషి ఆ పెద్దమనిషి మాటకి మాత్రం తల ఊపారు. బిడ్డ ఎవరి కడుపున పుట్టింది, ఆ తల్లి ఇష్టపడి ఇచ్చిందా లేదా అన్నది ఆయనకు తట్టలేదు. అక్కకు తట్టింది. అలా తీసుకుంటే మూడేళ్ల జైలో, లక్ష రూపాయల జరిమానాయో, రెండూనో అని ఎక్కడో చదివిందట, ఆయన ముందు పెట్టింది. లక్షకి బావగారు చలించలేదు. రొయ్యకి తెల్లమచ్చ రోగం వస్తే ఒక్క రాత్రిలో అంతకు పదింతలు పోతుంది. మూడేళ్లు అనేసరికి మాత్రం చెరువులు ఎవరు చూస్తారన్న టెన్షన్ పట్టుకుంది.

సరే, చట్టప్రకారమే పోదామని దేశంలో దత్తతలు చూసే కేంద్ర సంస్థ, ఢిల్లీలో ఉన్న కారా వారి పోర్టల్లో పేరు రాయించుకోవడానికి కూర్చున్నారు. అసలు అవమానాలు అక్కణ్నుంచి మొదలు.

మొదటిది వయసు. ఇద్దరి వయసూ కూడతారట! చెరువులైతే కూడొచ్చు, మొగుడూ పెళ్లాల్ని కూడటమేమిటి? కూడితే ఎనభై ఏడు వచ్చింది. రెండేళ్లలోపు బిడ్డ కావాలంటే ఆ మొత్తం 85 దాటకూడదట. నాలుగేళ్లలోపు అయితే 90, ఎనిమిదేళ్లలోపు అయితే 100. ఇంటర్నెట్టు సెంటరు కుర్రాడు ఈ లెక్క చెప్పగానే ధవళేశ్వరం దగ్గర గోదావరి నీరు 11.75 అడుగులకి వచ్చినట్టు బావగారి ముఖం మీద మొదటి ప్రమాద హెచ్చరిక ఎగిరింది.

రెండోది గడులు. ఆడా మగా అని ఒక గడి ఉంది, వయసుకో గడి, ఆరోగ్యానికో గడి. కులానికి గడి లేదు. రంగుకి లేదు. నక్షత్రానికి లేదు. "అంత పెద్ద ఢిల్లీలో కూర్చుని ఇంత ముఖ్యమైనవి మర్చిపోయారేంటి బావా?" అని నన్నడిగారు. మర్చిపోలేదండి, కావాలనే పెట్టలేదు అన్నాను. 13.75 అడుగులు. రెండో ప్రమాద హెచ్చరిక.

ఇక మూడోది, వరుస. దేశం మొత్తం మీద 2024-25లో దత్తత వెళ్లిన పిల్లలు 4,515 మంది. క్యూలో కూర్చున్న దంపతులు వేలకు వేలు, ఎదురుచూపు మూడేళ్లు పైమాటే. అందులోనూ అందరికీ కావాల్సింది పాలబుగ్గల బిడ్డే. ఆ క్యూలో ఎమ్మెల్యే ఉత్తరం పనిచెయ్యదట. సిఫార్సు పనిచెయ్యని ఆఫీసు ఈ దేశంలో ఉందని వినగానే ప్రజాస్వామ్యం మీద బావగారికి నమ్మకం పోయింది.

ఇంక ఆ కుమ్మక్కు ఎంత లోతో చూడండి. దిక్కులేని బిడ్డ దొరికితే బాలల సంక్షేమ కమిటీ ముందు పెడతారు. సొంతవాళ్లెవరైనా ఉన్నారేమోనని వెతుకుతారు. తల్లే వదులుకుంటానని వచ్చినా మనసు మార్చుకోవడానికి 60 రోజులు గడువిస్తారు. బిడ్డని ప్రభుత్వ శిశుగృహలోనో, గుర్తింపు ఉన్న స్వచ్ఛంద సంస్థలోనో పెంచుతారు. జిల్లా బాలల సంరక్షణ విభాగం ఫైలు నడుపుతుంది. 2022 సెప్టెంబరు నుంచి చివరి సంతకం కోర్టుది కాదు, కలెక్టరుది. ఒకపక్క వరదలు, ఒకపక్క ధాన్యం కొనుగోళ్లు, మధ్యలో ఈ సంతకం. రోడ్డు గుంత పూడ్చమంటే పంచాయతీ ఆర్ అండ్ బీ అంటుంది, ఆర్ అండ్ బీ పంచాయతీ అంటుంది. అటువంటి దేశంలో ఒక్క బిడ్డ కోసం ఇన్ని ఆఫీసులు ఒకే కాగితం మీద సంతకాలు చేస్తున్నాయంటే అనుమానం రాదా? (ఆ సంతకాలకీ సంతకాలకీ మధ్య బిడ్డకి పళ్లొచ్చేస్తాయి, అది వేరే సంగతి. అంతవరకూ మన పద్ధతే.)

తరవాత ఆ కుమ్మక్కు వాళ్లు ఇంటికే వచ్చారు. హోమ్ స్టడీ అంటారు దాన్ని. అంటే పెళ్లిచూపులు, కాకపోతే చూసేది మనల్ని. వచ్చినామె పాతికేళ్ల అమ్మాయి, స్కూటీ మీద వచ్చింది. అక్క పూతరేకులు పెడితే ఒకటి తిని, రెండోది వద్దంది. అక్కడే బావగారికి ఆమె మీద నమ్మకం తగ్గింది. ఎకరాల గురించి ఒక్క ప్రశ్న వేసి వదిలేసింది. పిల్లలు అల్లరి చేస్తే మీరేం చేస్తారు, మీ ఇద్దరికీ గొడవైతే ఎవరు ముందు మాట్లాడతారు, దత్తత అని బిడ్డకి ఎప్పుడు చెబుతారు, ఇవీ ప్రశ్నలు. చెప్పడమేంటండి, రహస్యం కదా అన్నారు బావగారు. ఊరంతటికీ తెలిసిన రహస్యం బిడ్డకొక్కడికే తెలియకపోతే ఎలాగండి అందామె. ఆయన కండువా సర్దుకున్నారు.

వెళ్తూ వెళ్తూ పెరటి గుమ్మం దగ్గర నిలబడి, ఇంటి వెనక చెరువు చూసింది. "గట్టు మీద కంచె లేదేంటండి?" అంది.

"కంచెందుకమ్మా? మాకు ఈత వచ్చు."

ఆమె ఏదో రాసుకుంది. ఏం రాసిందో అని ఆ రాత్రి ఆయనకు నిద్ర లేదు. ఇరవై ఏళ్లలో బ్యాంకు వాళ్లు వచ్చారు, మత్స్యశాఖ వాళ్లు వచ్చారు, కరెంటు వాళ్లు వచ్చారు. ఎవరూ ఆయన్ని ఇలా ఫెయిల్ చేసే చూపు చూడలేదు.

అసలు ద్రోహం మా అక్కది. కాస్త పెద్దపిల్లల సంగతేంటని ఆ అమ్మాయిని గుమ్మం బయట నిలబెట్టి అడిగిందట. ఆరేడేళ్లు దాటినవాళ్లు, అన్నాచెల్లెళ్లు కలిసి ఉన్నవాళ్లు, ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్నవాళ్లు ఉంటారనీ, క్యూ పెద్దదే కానీ వాళ్ల ముందు మాత్రం ఎవరూ నిలబడరనీ ఆమె చెప్పిందట. అక్క మర్నాడు బావగారికి కాఫీ ఇచ్చి, వయసు గడి మార్పిద్దామంది.

17.75 అడుగులు. లంక గ్రామాలు ఖాళీ చేయించాల్సిన పరిస్థితి. ఎనిమిదేళ్ల వాడికి మన ఇంటిపేరు నోరు తిరుగుతుందా? వాడికి వాడి జ్ఞాపకాలుండవూ? రేపు కొరివి పెడతాడా పెట్టడా? అని చావడిలో నాలుగు రోజులు కేకలు. అక్క మారు మాట్లాడలేదు. పాత గదిలో వడ్లబస్తాలు తీయించి సున్నం వేయించింది.

ఐదో రోజు నేను వెళ్లేసరికి గట్టు మీద ఇనపస్తంభాలు పాతిస్తూ బావగారు కనిపించారు. ఇదేంటి బావగారూ అన్నాను.

"కాకులు బావా. రొయ్యని బతకనివ్వట్లేదు."

మెష్ బిగించే కుర్రాడు ఎంత ఎత్తు పెట్టమంటారని అడిగాడు. బావగారు నా వైపు చూడకుండా, చేత్తో తన ఛాతీ దగ్గర గీత గీసి, కాస్త ఆలోచించి, ఇంకో జానెడు పైకి జరిపారు.

"ఎనిమిదేళ్ల వాడు ఎక్కలేనంత పెట్టు."

కాకులు ఎక్కవు కదండీ, ఎగురుతాయి అన్నాను.

"చెరువుల గురించి నీకేం తెలుసు బావా, ఊరుకో" అన్నారు.