పక్కకు జరగమన్న వ్యూ పాయింట్ గారికి

శ్రీశైలం డ్యాం వెనక నిలిచిన కృష్ణ బ్యాక్‌వాటర్ ఒడ్డున, కొల్లాపూర్ వైపు వెలసిన శ్రీయుత వ్యూ పాయింట్ గారికి నమస్కారాలు.

మొన్న ఆదివారం తమరి దర్శనానికి వచ్చినవాళ్లలో మేమూ ఉన్నాం. తమరికి గుర్తుండకపోవచ్చు, ఏ ఫొటోలోనూ మేం లేం. రెయిలింగ్ పట్టుకుని నీళ్లకేసి చూస్తున్న మా పెద్దనాయినతో ఓ పిల్లగాడు "తాతా, జరంత పక్కకు జరుగు, ఫ్రేమ్‌ల పడుతున్నవ్" అన్నాడు. ఆయన జరిగాడు. 1981లో ఈ డ్యాం నీళ్లకు మా ఊరు మునిగినప్పుడూ జరగమంటేనే జరిగినవాడు, అలవాటైంది.

పార్కింగ్ రుసుము సంగతి ఎత్తను. మిర్చిబజ్జీ ధర చూసి, కిందున్న నీళ్లలో దూకుదామనిపించింది. అదీ వదిలేస్తాను. ఈ ఫ్రేమ్ సంగతి మాత్రం తేలాలి.

ఒక్క నీళ్లనే ఎంతమంది ఎన్ని రకాలుగా చూస్తారో తమరికి తెలియనిది కాదు. ఇంజనీరు చూస్తే 885 అడుగుల నిండు మట్టం, 215 టీఎంసీల నిల్వ. కల్వకుర్తి ఎత్తిపోతల కింద మడి తడిసే రైతు చూస్తే రెండో పంట. కోస్తా నుంచి వచ్చి గుడిసె వేసుకున్న జాలరికి వల బరువు. అపార్ట్‌మెంటులో పుట్టి పెరిగిన మా అమ్మాయి "డాడీ, అచ్చం మాల్దీవ్స్!" అని గంతులేసింది. దాన్ని కోప్పడలేదు. బకెట్‌లో తప్ప నీళ్లు చూడని పిల్ల, ఇంత నీలం చూసి మురవదా? అందంగా ఉన్న మాటా నిజమే.

పెద్దనాయిన మాత్రం వేలు చాపి, "గా బోటు మళ్లుతున్న కాడ మన దొడ్డి. దానికి ఇవతల చింతలు. గా చింతల కిందనే మీ నాయిన బడికి పోకుండ దాక్కునేటోడు" అని చెబుతున్నాడు. అక్కడ బోటులో లైఫ్ జాకెట్లు వేసుకున్న నలుగురు చేతులూపుతున్నారు. సరిగ్గా మా దొడ్డి మీద.

అంతలోనే పడింది "పక్కకు జరుగు".

తమరి దగ్గర బజ్జీలమ్మే ఆయన పోతూపోతూ ఓ సలహా కూడా ఇచ్చాడు: "ఎండాకాలం రాకుండ్రి సార్, నీళ్లు దిగుతయ్, సూడనీకె ఏముండదు." అయ్యా, మేం వచ్చేదే ఎండాకాలం! నీళ్లు దిగితేనే కదా మా ఊరు పైకి తేలేది. మోకాలెత్తు మొండిగోడలు, గిలక ఊడిన చేదబావి, ఒండ్రు పట్టిన బొడ్రాయి. ఆడోళ్లు దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పగుళ్లిచ్చిన మట్టిలోనే కూచుని సద్ది తింటారు. ఇది ఎవరిల్లో, అది ఎవరిల్లో అని వాదులాడుకుంటారు. తమరి లెక్కలో అది సీజన్ కాదు. ఆ మట్టిని ఎవరూ రీల్ తీయరు. మాకు మాత్రం ఏడాదంతటికీ చూడదగ్గ సీను అదొక్కటే.

సోమశిల గుళ్లనూ జటప్రోలు గుళ్లనూ రాయి రాయి విప్పి, మెరక మీదికి తెచ్చి మళ్లీ కట్టారు. కూడవెల్లి సంగమేశ్వరుణ్ణి అలంపురం చేర్చారు. సంతోషం. మనుషులకేమో 1986లో జీవో 98 ఇచ్చారు, ముంపు కుటుంబానికో ఉద్యోగమని. ఆ కాగితం పట్టుకుని తిరిగినవాళ్లలో ఎందరికో రిటైరయ్యే వయసూ దాటిపోయింది. దేవుళ్లకు దొరికినంత సులువుగా మాకు మెరక దొరకలేదు.

ఆ పిల్లగాణ్ణి ఏమీ అనను. వాడికి ఎవరు చెప్పారు? తమరు చెప్పారా? ఇంత పొడుగు రెయిలింగ్, ఇన్ని రంగు లైట్లు, నిలువెత్తు ఇంగ్లిషు అక్షరాలు, మధ్యలో ఎర్ర గుండె బొమ్మ. కింద ఏముందో ఒక్క ముక్కైనా ఉందా? "లోతు ఎక్కువ, దిగరాదు" అని ఓ బోర్డు ఉంది. ఎంత లోతో మాకు తెలుసు. మా ఇంటి దూలం ఎత్తెంతో మా పెద్దనాయిన ఇప్పటికీ మూరల్లో చెబుతాడు. కరెంటుకీ మోటార్లకీ అని ఊళ్లకు ఊళ్లు లేపారు, సరే, దేశం కోసం అన్నారు, లేచాం. ఇప్పుడు ఫొటో కోసం కూడా లేవాలా? సిగ్గుండాలి.

క్షమించాలి, మర్యాద తప్పింది.

విన్నపం ఒక్కటే. మునిగిన ఊళ్ల పేర్లు, అటు కర్నూలువీ ఇటు పాలమూరువీ, వరసగా తెలుగులో రాయించండి. బోటు ఎటు పోతే ఏ ఊరి మీదుగా పోతుందో బాణం గుర్తులు వేయించండి. అన్ని పేర్లకు చోటెక్కడిదంటారేమో. ఆ గుండె బొమ్మ పీకేయండి, బోలెడంత చోటు.

ఇట్లు,
ఫ్రేమ్‌లో పడ్డవారి తాలూకు