ఫారమ్ పూర్తి చేసే తొందర వద్దు

నెమ్మది కదలికల చైనా యుద్ధకళ తై చి నేర్చుకునేవాళ్ళలో చాలామందికి 24 కదలికల ఫారమ్ (వరుస) ఎప్పుడు పూర్తవుతుందా అన్నదే ఆత్రం. 1956లో చైనాలో తై చిలోని యాంగ్ శైలిని కుదించి కొత్తవాళ్ళకు సులువుగా ఉండేలా కూర్చిన వరుస అది. వరుస గుర్తుంటే సరిపోదు. మొదటి రెండు నెలలూ అడుగు వెయ్యడం, బరువు మార్చడం మీదే గడపాలని నా గట్టి అభిప్రాయం. మోకాళ్ళు పాడయ్యేది అక్కడే.

ముందుకు అడుగేసేటప్పుడు బరువంతా వెనక కాలి మీదే ఉంచి, ముందు మడమను నేలకు ఆనించండి. అక్కడే ఆగి, ఆ కాలిని తిరిగి ఎత్తి చూడండి. ఒళ్ళు కదలకుండా లేచిందా, అడుగు సరైనదే. లేవకపోతే బరువు అప్పటికే ముందుకు పడిపోయింది, అడుగు కురచ చేసుకోవాలి. యాంగ్ శైలి గురువు యాంగ్ చెంగ్‌ఫు చెప్పిన పది సూత్రాల్లో ఖాళీ కాలు (బరువు లేనిది), నిండు కాలు (బరువున్నది) తేడా తెలియాలన్నది ఇందుకే. తర్వాత పాదం పూర్తిగా ఆనించి, 60 నుంచి 70 శాతం బరువు ముందుకు తెచ్చి ఆపాలి. రెండు పాదాల మధ్య అడ్డంగా భుజాల వెడల్పు ఎడం ఉండాలి. చాలామంది తాడు మీద నడిచినట్టు రెంటినీ ఒకే గీత మీద పెట్టి, తూలిపోతున్నామని బాధపడతారు.

అసలు చిక్కు తిరగడంలో ఉంది. నడుము తిప్పమంటే భుజాలు తిప్పేస్తారు, లేదా మోకాలు లోపలికి వాలిపోతుంది. మోకాలు ముఖ్యంగా వంగడానికీ చాచడానికీ ఉన్న కీలు. బరువు మోస్తూ మెలిపడితే ఎక్కువ రోజులు ఓర్చుకోదు. తిరగాల్సింది తుంటి దగ్గర. తొడ మొదట్లో గజ్జ మడతలో వేళ్ళుంచి, బరువున్న కాలి వైపు మెల్లగా తిరగండి. మడత వేళ్ళను నొక్కాలి, మోకాలు పాదం రెండో వేలి దిక్కునే నిలవాలి. నొక్కడం లేదంటే తుంటి బిగుసుకుపోయి ఉంది. అప్పుడు కాస్త పైకి లేచి నిలబడండి, తక్కువ తిరగండి. బాగా కిందికి కూర్చుంటేనే గొప్ప అనుకోవడం కొత్తవాళ్ళకు చేటు.

ముందు పాదాన్ని బయటికి తిప్పాల్సివస్తే బరువు వెనక్కి తెచ్చాకే తిప్పండి. బరువుంచి మడమ మీద తిప్పే పద్ధతి కొందరు గురువులు నేర్పుతారు, కానీ తుంటి వదులు కాని వాళ్ళకు అది వద్దు.

చేతుల సంగతి ఇప్పటికి ఇంతే: భుజాలు దించండి, మోచేతులు వేలాడనివ్వండి.

ఈ అడుగూ, ఈ తిరగడమూ రోజూ ఒక్కో వైపు పదిసార్లు, ఒక్కో బరువు మార్పిడికి రెండు మూడు శ్వాసల సేపు తీసుకుని చెయ్యండి. ఫోన్‌ను ఎదురుగా మోకాలి ఎత్తులో పెట్టి వీడియో తీసుకోండి. మోకాలు లోపలికి వాలడం పక్కనుంచి తీస్తే కనబడదు.