తాళ్లన్నీ ఉన్న ఓడకు ఒక విన్నపం

మహారాజరాజశ్రీ ఈస్టిండియా కంపెనీ వర్తక నౌక చిత్తరువు వారి సముఖమునకు,

'పది నిమిషాల్లో పిలుస్తాం' అన్న మాట నమ్మి, నిన్న మధ్యాహ్నమంతా తమరు వేలాడుతున్న గోడకు ఎదురుగా కూర్చున్న అభాగ్యుణ్ణి నేను. మూడు గంటల సేపు చూడటానికి మరేమీ లేక తమ మూడు తెరచాపకొయ్యల తాళ్లన్నీ లెక్కపెట్టి, వాటి ముడులను కూడా వదలకుండా గీసిన చిత్రకారుడి ఓపికకు మనసులోనే నమస్కరించాను.

తమ కింది ఇత్తడి పలక మీద 'చెన్నపట్నం ఓడరేవులో వర్తక నౌక' అని ఉంది. వర్తకానికి వచ్చినవారి పక్కటెముకల్లోంచి అన్ని ఫిరంగులు ఎందుకు తొంగిచూస్తున్నాయని అడగను. మా తీరపు అద్దకపు బట్టలను తమరే మోసుకెళ్లి, అవి అక్కడివారికి మరీ నచ్చేసరికి, వాటిని తొడుక్కోవడమే నేరమని 1721లో చట్టం చేసుకున్న తమ దేశస్థుల సంగతీ ఎత్తను.

పడవ ఏదండీ?

పలక ఏమి చెప్పినా, చెన్నపట్నానికి 19వ శతాబ్దం ద్వితీయార్ధం దాకా సరైన ఓడరేవే లేదు. తమవంటి ఘనులు దూరాన లోతు నీళ్లలో లంగరు దించి నిలబడవలసిందే. ఒడ్డున విరుచుకుపడే కెరటాల్లోకి తమ సొంత పడవలు దిగితే చెక్కలైపోయే ప్రమాదం ఉండేది. ఒక్క మేకు లేకుండా పలకలను కొబ్బరి తాడుతో కుట్టిన మసూలా పడవ మాత్రం కెరటంతో పాటు వంగి దాటేది. బట్టల మూటలు, వెండి పెట్టెలు, చివరికి దొరలూ దొరసానులూ ఆ కుట్లను నమ్ముకునే ఒడ్డుకూ ఓడకూ మధ్య తిరిగారు. దుంగలు కలిపి కట్టిన తెప్పల, అంటే కట్టుమరాల వాళ్లయితే ఉత్తరాలను తలటోపీలో దాచుకుని, మునిగి తేలుతూ తెచ్చి అందించేవారు.

ముడి ముడినీ చూసిన ఆ కంటికి పక్కనే ఊగే పడవ ఆనలేదా? లేక, పడవను గీస్తే తమరు ఒడ్డు చేరలేని ఓడ అని అందరికీ తెలిసిపోతుందని వద్దన్నారా? సిగ్గు లేదూ నీకు? సముద్రాలన్నీ దాటి వచ్చానని మూడు కొయ్యలెత్తి నిక్కుతున్నావే, ఒడ్డు కనబడే చోట ఆగిపోయి మావాళ్ల తెడ్ల కోసం ఎదురుచూసిన దానివి కాదూ? వాళ్లలో ఒక్కడి తలపాగా అయినా గీయించుకోలేకపోయావా?

ఐదింటికి 'రేపు రండి' అన్నారు. లేచి వెళ్తూ దగ్గరకు వచ్చి మరోసారి వెతికాను. పడవ ఉండవలసిన చోట, నీళ్ల మీద, చిత్రకారుడు తన సంతకం చేసుకున్నాడు.

ఇట్లు,
రేపు కూడా తమ ఎదుటే కూర్చోబోయేవాడు