మా అమ్మ చెప్పే స్తోత్రం

బైబిల్లో లూకా సువార్త 17వ అధ్యాయంలో యేసు బాగుచేసిన పదిమంది కుష్ఠురోగుల గురించి మీరు రాసింది రెండుసార్లు చదివాను. కృతజ్ఞత చెప్పడానికి వెనక్కి వచ్చింది ఒక్క సమరయుడే, యూదులు పరాయివాడిగా చూసే మనిషి. చదువుతుంటే మా అమ్మే గుర్తొచ్చింది.

మాది నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగి అమ్మ నడుము వంగిపోయింది, మోకాళ్లు ముడుచుకుపోయాయి. కృష్ణా నీళ్లు మా నల్లాకు వచ్చిన రోజు మొదటి గ్లాసు చేతిలో పట్టుకుని చాలాసేపు "స్తోత్రం ప్రభువా" అంటూనే ఉంది. ఆ నీళ్లతో ఆమె ఎముకలేం సరికాలేదండీ. మనవళ్ల ఎముకలు బాగుంటాయని ఆ సంతోషం.

నేనేమో బత్తాయి తోటలో బోరు పడాలని ఉపవాసం ఉండి ప్రార్థించాను. నాలుగు ఫెయిలయ్యాక ఐదోది పడింది. ఆ తర్వాత పైపులు, మోటారు, కాయ రేటు, అదే టెన్షన్. ఆదివారం ఆరాధనకు పోక ఐదు నెలలైంది. పంట బాగా పండిందని ధాన్యం కొట్లు విప్పి పెద్దవి కట్టిస్తానన్న ధనవంతుడికి దేవుడు ఆ రాత్రే ప్రాణం అడిగాడని (లూకా 12) చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్చుకున్నవాణ్ణే.

అయినా ఇన్ని నెలలూ దేవుడు నా మీద కనికరం తగ్గించలేదు, బోరూ ఎండలేదు. ఈ ఆదివారం అమ్మను బండి మీద కూర్చోబెట్టుకుని గుడికి పోతున్నాను.