కెర్నెల్ మెమరీ పద్దుల అధికారి గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ మెమరీ సీగ్రూప్ వారి కెర్నెల్ పద్దుల అధికారి గారి దివ్య సముఖమునకు,

లినక్స్‌కు గుండెకాయ అయిన కెర్నెల్‌లో కొలువుండి, సీగ్రూపులనే ప్రక్రియల గుంపుల్లో దేని తరఫున కెర్నెల్ ఎంత మెమరీ వాడిందో పద్దు రాసేది తమరే. నిన్న మధ్యాహ్నం మా సర్వర్‌లో కొత్త కంటైనర్, అంటే సొంత గుంపులో విడిగా నడిచే ప్రోగ్రాము, ఒక్కటీ లేవలేదు. కారణమడిగితే తమరు ‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’ అని సెలవిచ్చారు. తమ మాట శిరసావహించి డిస్కు చూశాం, సగం ఖాళీగా ఉంది. ఫైళ్ల వివరాలుండే ఐనోడ్లు చూశాం, పుష్కలంగా ఉన్నాయి. అయినా తమ మీది గౌరవంతో పాత ఇమేజీలు, లాగులు, ఎప్పటికైనా పనికొస్తాయని దాచుకున్న కోర్ డంపులు (కూలిన ప్రోగ్రాముల మెమరీ నకళ్లు) సహా చెరిపేశాం. తమరు స్థలం లేదన్నది డిస్కులో కాదని, తమ చిట్టాలో అని సాయంత్రానికి గానీ బోధపడలేదు.

మా సర్వర్‌లోని ఆ పాత 3.10 లినక్స్ కెర్నెల్‌లో తమరు మెమరీ సీగ్రూపులకు ఇవ్వగలిగిన గుర్తింపు సంఖ్యలు 65,535. నడుస్తున్న కంటైనర్లు వందకు లోపే. కెర్నెల్ తన స్థితి చూపించే ప్రోక్‌లోని సీగ్రూప్స్ ఫైలు తెరిస్తే మాత్రం మెమరీ వరుసలో అంకె ఆ హద్దును తాకుతోంది. నిమిషానికోసారి పుట్టి క్షణాల్లో ముగిసే క్రాన్ జాబ్ (వేళకు తనంతట నడిచే పని) కంటైనర్లన్నీ, డైరెక్టరీతో సహా తొలగించిన తరువాత కూడా, తమ దగ్గర సజీవంగానే ఉన్నాయన్నమాట. ప్రతి గుంపుకూ స్లాబ్ క్యాష్‌ల, అంటే కెర్నెల్ తన చిన్న వస్తువులు పెట్టుకునే అరల, నకళ్లు విడిగా తెరుస్తారు. అందులో ఒక్క డెంట్రీ (ఫైలు పేరు గుర్తుపెట్టుకునే నమోదు) మిగిలినా ఆ నకలు పోదు, నకలు పోనిదే గుంపు పోదు. దాచుకున్న క్యాష్‌లన్నీ వదిలెయ్యమని డ్రాప్ క్యాషెస్ ఫైలులో 3 రాసి బతిమాలితే మెమరీ ఖాళీ అయింది గానీ గుంపులు కదల్లేదు. చనిపోయినవాడి పేరున రేషన్ కార్డు నడిపితే డీలర్‌నైనా వీధిలో నిలదీస్తాం. నిమిషానికొక కంటైనర్ చొప్పున పుట్టినా 46 రోజులు తిరక్కుండా నిండిపోయే చిట్టా పెట్టుకుని, చచ్చినవాళ్ల పేర్లు కొట్టెయ్యడం నేర్చుకోకుండా, నేరం డిస్కు మీదికి నెట్టడానికి నీకు సిగ్గు లేదా?

కెర్నెల్ మెమరీకి పరిమితి పెట్టాలంటే గుంపులో ప్రక్రియ చేరకముందే పెట్టాలన్న నీ నియమం సంగతి, తీరా అందరూ అలవాటు పడ్డాక 5.4 కెర్నెల్‌లో ఆ పరిమితికే కాలం చెల్లిందన్న నీ ప్రకటన సంగతి ఇప్పుడెత్తను. ఒక దశలో, కెర్నెల్ తయారు చేసేటప్పుడు నిన్ను ఎంచుకునే ఐచ్ఛికం పక్కనే, ఇది నిజమైన పనికి ఉపయోగపడదు, ఎంచుకోవద్దు అని నిన్ను రాసినవాళ్లే హెచ్చరిక పెట్టారు. పెంచినవాళ్లకు తెలియదూ!

నువ్వు అక్కర్లేదనను. కెర్నెల్ మెమరీ స్వాప్‌లోకి, అంటే డిస్కు మీదికి, పోదు; ఎవడో తనను తాను పుట్టించుకుంటూ పోయే ఫోర్క్ బాంబు పేల్చినప్పుడు ప్రతి ప్రక్రియకూ కెర్నెల్ కేటాయించే మెమరీ ముక్క అయిన కెర్నెల్ స్టాక్‌నూ వాడి ఖాతాలోనే రాసి, హద్దు దాటగానే వాడినే ఆపి, మిగతావాళ్లను బతికించేది నువ్వే. 2013లో 3.8తో వచ్చినవాడివి, 2020లో 5.9 నాటికి స్లాబ్ పేజీలను గుంపులన్నీ పంచుకునే పద్ధతికి మారావు, పోయిన గుంపు బాకీ దాని పైగుంపుకు బదిలీ చేస్తున్నావు. ఆ బుద్ధి మొదటే ఉంటే బాగుండేది. కొత్త కెర్నెల్‌కు మారడానికి మా వాళ్ల అనుమతి రావాలి. అందాకా నిన్ను వారం వారం రీబూట్ చేసే పని నా నెత్తిన పడింది.

ఇట్లు,
ఆదివారం రాత్రి రెండింటికి డ్యూటీ పడిన విధేయుడు